తొమ్మిదోసారి ధ్వంసమైన ఏడాది

ఏడాదికి అంకె వేసి ఊరుకోవడం శుద్ధ సోమరితనం. 2024 అయ్యాక 2025 వస్తుందని చెప్పడానికి నాగరికత ఎందుకు, కారు మీటరు చాలు. పూర్వం వాళ్లు ఇంత తేలిగ్గా వదిలిపెట్టలేదు.

నాలుగు వేల ఏళ్ల కిందట మెసొపొటేమియాలో, ఉర్ రాజు షుల్గి కొలువులో, రాజుగారి ఘనకార్యమే ఏడాదికి పేరు. ఆయన పుజ్రిష్-దగాన్ భవనం కట్టించాడు, ఆ ఏడాదికి అదే పేరైంది. మరుసటి ఏడు "భవనం కట్టిన తర్వాతి ఏడాది". ఆ పై ఏడూ లేఖకులకు ఏమీ తోచినట్టు లేదు: "భవనం కట్టిన తర్వాతి ఏడాదికి తర్వాతి ఏడాది". ఒక్క భవనంతో మూడేళ్లు నెట్టుకురావడం తామే కనిపెట్టామని ఈనాటి నాయకులు అనుకుంటుంటారు, పాపం.

అదే రాజుగారు రెండు శత్రు ప్రాంతాల మీద పడ్డ ఇంకో ఏడాది పేరు "సిమురుమ్, లుల్లుబుమ్ తొమ్మిదోసారి ధ్వంసమైన ఏడాది". మొదటి ఎనిమిదిసార్లూ ఏం చేసినట్టు అని అడగడానికి అప్పట్లో ప్రతిపక్షం లేదు.

రోమ్‌లో ఉండేది, కాకపోతే ఇంట్లో ఉండేది. అక్కడ ఆ యేటికి ఎన్నికైన ఇద్దరు కాన్సుల్‌ల, అంటే ప్రభుత్వాధినేతల, పేర్లే ఏడాదికి పేరు. క్రీ.పూ. 59లో ఆ ఇద్దరు జూలియస్ సీజర్, బిబులస్. సీజర్ మనుషుల దెబ్బకు బిబులస్ ఇంట్లో తలుపేసుకుని, శకునాలు బాగాలేవంటూ ప్రకటనలు పంపుతూ కూర్చున్నాడు. ఊళ్లో ఆకతాయిలు దానికి "జూలియస్, సీజర్‌ల ఏడాది" అని పేరు పెట్టేశారు.

చైనాను ఏలిన వూ జెత్యెన్ 692లో ఒక్క ఏడాదికే మూడు శకనామాలు, అంటే ఏడాదులు లెక్కపెట్టడానికి పాలకులు ప్రకటించే పేర్లు, వాడింది. కాగితం మీద తేదీ వేయాల్సిన గుమాస్తా టెన్షన్ ఊహించుకోండి.

పోనీ, అంకెలైనా తిన్నగా ఏడిశాయా? 525లో డయొనీసియస్ అనే సన్యాసి క్రీస్తు పుట్టుక నుంచి లెక్క కట్టాడు. అందులో సున్నాకు చోటు లేదు, క్రీ.పూ. 1 దాటగానే క్రీ.శ. 1. అందుకే 21వ శతాబ్దం 2001లో మొదలైంది, బాణసంచా మాత్రం ఏడాది ముందే కాల్చేశారు.

మన అరవై సంవత్సరాల జాబితాలో దుర్ముఖి, దుర్మతి, పరాభవ కూడా ఉన్నాయి. తన ఏడాదికి ఏ రాజూ ఇలాంటి పేరు పెట్టుకోడు కాబట్టి, జాబితా రాసినవాడికి ప్రభుత్వ జీతం లేదని నా పరిశోధనలో తేలింది. బృహస్పతి నడకతో సరిపెట్టడానికి ఉత్తరాదిన దాదాపు 85 ఏళ్లకోసారి ఒక పేరు ఎగరగొడతారు, దక్షిణాదిన ఆ అలవాటు పోయింది. ఫలితంగా ఒకే ఏడాదికి అక్కడొక పేరు, ఇక్కడొక పేరు.

నా మటుకు నేను షుల్గి పద్ధతికే మారిపోయాను. ప్రస్తుతం నడుస్తున్నది "వ్యాయామం తొమ్మిదోసారి మొదలుపెట్టిన ఏడాదికి తర్వాతి ఏడాది".