సముద్రగర్భ నివాసి మండే మంచు గారికి ఒక విన్నపం

మంచుగడ్డలా మారిన నీటిలో మీథేన్ గ్యాసును బంధించి ఉంచుకున్న మహారాజశ్రీ మీథేన్ హైడ్రేట్ గారికి,
కృష్ణా-గోదావరి బేసిన్, బంగాళాఖాతం అడుగున.

కోనసీమలో కాపురముంటున్న ఒక సామాన్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మా క్షేమం తమరి నిద్ర మీద ఆధారపడి ఉన్నదని కాస్త ఆలస్యంగా తెలిసినందున ఈ లేఖ.

2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక వచ్చి, సుమారు వెయ్యి మీటర్ల నీటి అడుగున, పగుళ్లిచ్చిన బంకమట్టిలో దాదాపు 130 మీటర్ల మందాన తమరు పవళించి ఉన్నారని కనిపెట్టినది మొదలు, తమరిని నిద్రలేపాలన్న ఉబలాటం మా పెద్దలకు పట్టుకుంది. 2015లో జపాన్ నౌక చిక్యూ వచ్చి, ఇసుక పొరల్లోనూ తమరి బంధువర్గం ఉన్నట్టు తేల్చింది. బంకమట్టి కంటే ఇసుకలోంచి గ్యాసు లాగడం తేలిక గనుక ఆ ఉబలాటం రెట్టింపైంది. వారిని మాత్రం ఏమనగలం? పైకి తెచ్చిన తమరి ముక్క చిటపటమంటూ బుసకొడుతుంది. అగ్గిపుల్ల చూపిస్తే పైన మంట, కింద నీటి బొట్లు. ద్రవ నైట్రోజన్‌లో ముంచి దాచకపోతే కాసేపటికి మిగిలేది బురదనీళ్లే. ఘనపు మీటరు తమరిలో 160 ఘనపు మీటర్లకు పైగా గ్యాసు ఇమిడి ఉందట! బడబాగ్ని కథ చెప్పిన తాతలను చూసి నవ్వినందుకు నేను చెంపలు వేసుకున్నాను.

తమరిని తవ్వి తీసుకుపోరట. పొమ్మనలేక పొగబెట్టినట్టు, బావి వేసి, అందులోని నీటిని తోడి, ఒత్తిడి తగ్గిస్తే, తమరే ఇమడలేక గ్యాసుగా, నీరుగా విడిపోయి బయటికి రావాలట. జపాన్ వారు 2013 మార్చిలో తమ తీరాన సముద్రం అడుగున ఉన్న నాంకై ద్రోణిలో ఈ మర్యాదే చేశారు. ఆరో రోజుకు బావిలోకి గ్యాసుతో పాటు ఇసుకా పొంగుకొచ్చి, పని ఆగిపోయింది. 2017లో మళ్లీ ప్రయత్నిస్తే మొదటి బావికి మళ్లీ ఇసుకే అడ్డం. ఇసుక తప్పేముంది, ఇన్నాళ్లూ పట్టుకుని ఉన్న చెయ్యి వదిలేస్తే అదీ వెంట వచ్చింది.

తమరిని ఇంధనమని పిలిచేవారికి తమరు చేస్తున్న ఈ ఉద్యోగం లెక్కలోకి రాలేదు. నదులు తెచ్చి పోసిన ఒండ్రు సముద్రపు వాలు మీద పేరుకుని ఉంటే, అందులో రేణువుకు రేణువును అతికించే జీతంలేని సిమెంటు తమరు. నార్వే తీరాన స్టోరెగ్గా వద్ద సుమారు 8,150 ఏళ్ల కిందట అటువంటి వాలే జారి, స్కాట్లాండ్ దాకా సునామీ పోయింది. ఆ నేరంలో తమరి జాతి పాత్ర ఎంతన్నది పండితుల మధ్య ఇంకా వాదనలోనే ఉంది కనుక, సంశయలాభం ఇచ్చేస్తున్నాను.

లీకైన మీథేన్ అంతా గాలిలోకి రాదని, చాలావరకు నీటిలోనే కరిగి సూక్ష్మజీవులకు ఆహారమవుతుందని నిపుణులు ధైర్యం చెబుతారు, అది నిజమే. ఆ విందుకయ్యే ఆక్సిజన్ ఖర్చు సముద్రానిదని, బంగాళాఖాతపు నడిలోతు నీళ్లలో అది ముందే అడుగంటి ఉందని మాత్రం గొంతు తగ్గించి చెబుతారు. తప్పించుకుని పైకొచ్చిన కాస్తా, నూరేళ్ల లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది.

అయ్యా, 1995 జనవరి 8న మా పాశర్లపూడిలో అదుపు తప్పిన గ్యాసు బావి 65 రోజులు మండింది. అది నేల మీద, మనిషి నడిచి వెళ్లగల చోట, కంటికి కనబడే మంట. దానికే రెండు నెలలు దాటిన చోట, వెయ్యి మీటర్ల చీకటి నీళ్ల కింద మట్టి కదిలితే ఎవరు, ఏ దారిన వెళ్లి ఆపుతారో నా చిన్న బుర్రకు తట్టడం లేదు.

కావున ఈసారి గొట్టం దించినప్పుడు తమరు తొందరపడి కరిగిపోక, ఖాళీ చేసిన గదుల్లో తమరికి బదులుగా ఏం నింపుతారని ఒక్క మాట అడిగి, జవాబు రాతపూర్వకంగా పుచ్చుకోవలసిందిగా ప్రార్థన. నకలు ఒకటి మాకూ పంపగలరు.

ఇట్లు,
తమరికి వెయ్యి మీటర్లు ఎగువన, సముద్రమట్టానికి మాత్రం కాస్తంతే ఎత్తున ఉన్న
ఒక కోనసీమ వాసి