పంది అవయవానికి యూదు ధర్మశాస్త్రం అడ్డు చెబుతుందా?

పంది గుండెనో, కిడ్నీనో మనిషికి అమర్చారన్న వార్తల వెంట ఒక మాట విస్తృతంగా ప్రచారమవుతోంది. యూదులకు పంది నిషిద్ధం కాబట్టి, నిష్ఠగల యూదుడు ప్రాణం పోతున్నా ఆ అవయవాన్ని తీసుకోకూడదని, తీసుకుంటే మతం విడిచినట్టేనని దాని సారాంశం. యూదు ధర్మశాస్త్రం చెప్పేది దాదాపు ఇందుకు విరుద్ధం.

ఈ మాటకు మొదటి ఆధారంగా చూపేది బైబిలులోని లేవీయకాండము 11వ అధ్యాయం. అక్కడున్నది పంది మాంసం తినకూడదన్న ఆజ్ఞ. శరీరంలో అవయవాన్ని అమర్చడం తినడం కాదు. కళేబరాన్ని తాకకూడదన్న వాక్యం జెరూసలేము ఆలయానికి వెళ్లే యాత్రా పండుగల నాటి శుచికి సంబంధించినదని, యూదు ధర్మచర్చల ప్రాచీన సంకలనమైన తాల్ముద్‌లోని పండితులు ఆనాడే వివరించారు.

తినడమే తప్పనిసరి అయితే ఏం చేయాలో కూడా తాల్ముద్‌లోని యోమా భాగం చెబుతుంది. పంది మాంసం వాసన తగిలిన గర్భిణికి ఆ కోరిక వల్ల ప్రాణాపాయం కలిగితే, ముందుగా ఒక రెల్లుపుల్లను దాని రసంలో ముంచి ఆమె నోటికి తాకించాలి. తేరుకోకపోతే ఆ రసాన్నే పట్టాలి. అదీ చాలకపోతే ఆ కొవ్వునే తినిపించాలి. మెట్టు మెట్టుగా సాగే ఈ విధానంలో నిషేధం మీద గౌరవమూ ఉంది, దానికన్నా ప్రాణం మీద ఎక్కువ గౌరవమూ ఉంది. ఆజ్ఞలను పాటించేవాడు వాటివల్ల జీవిస్తాడన్న లేవీయకాండము 18:5 వాక్యాన్ని తాల్ముద్ పండితుడు షమూయేలు 'వాటివల్ల జీవించాలి గాని చావకూడదు' అని వ్యాఖ్యానించాడు. ప్రాణరక్షణ కోసం కూడా మీరరానివి మూడే: విగ్రహారాధన, నిషిద్ధ లైంగిక సంబంధాలు, హత్య. పంది ఆ జాబితాలో లేదు.

దీనికి జవాబుగా కొందరు గ్రీకు పాలకులపై యూదులు తిరగబడిన మక్కబీయుల కాలపు తల్లిని, ఆమె ఏడుగురు కొడుకులను గుర్తుచేస్తారు. పంది మాంసం తినమని రాజు హింసించినా వారు తినక ప్రాణాలు విడిచిన ఆ గాథ ముందు ఎవరైనా తల వంచవలసిందే. కాని అక్కడ రాజు కోరింది మాంసభక్షణ కాదు, మతత్యాగం. యూదు మతాన్ని రూపుమాపాలని పాలకులు శాసించిన కాలంలో చెప్పు పట్టీ కట్టే తీరు వంటి చిన్న ఆచారం మార్చమన్నా ప్రాణమివ్వాలని తాల్ముద్‌లోని సన్‌హెడ్రిన్ భాగం అంటుంది. ఆ కఠిన నియమం మతం మీద జరిగే బలవంతానికే వర్తిస్తుంది. శస్త్రచికిత్స బల్ల మీదున్న రోగిని మతం వదలమని ఎవరూ అడగడం లేదు. ఆ అమరుల త్యాగాన్ని రోగి మీద ప్రయోగించడం వారికీ న్యాయం కాదు.

అవయవం కోసం పందిని చంపడం జంతుహింస కాదా అన్న అభ్యంతరం నిజంగా ఆలోచించదగినదే. అకారణంగా జీవిని బాధించడాన్ని తాల్ముద్ నిషేధిస్తుంది. అయితే వైద్యం వంటి అవసరానికి ఆ నిషేధం వర్తించదని 16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకోవ్ నగరపు రబ్బీ (యూదు మతగురువు) మోషే ఇస్సెర్లెస్ నిర్ణయించారు. అనవసరమైన బాధకు మాత్రం ఇందులో అనుమతి లేదు.

అసలు చర్చ పంది గురించి కాదు, ప్రమాదం గురించి. 2022 జనవరిలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పది జన్యుమార్పులు చేసిన పంది గుండెను పొందిన రోగి రెండు నెలలే బతికారు. ఆ గుండెలో పందులకు సోకే వైరస్ ఆనవాళ్లు దొరికాయి. 2024 నవంబరులో న్యూయార్క్‌లో పంది కిడ్నీ పొందిన మహిళకు 130 రోజుల తర్వాత దాన్ని తొలగించవలసి వచ్చింది. కొద్దిపాటి ఆయువును పణంగా పెట్టి దీర్ఘాయువుకు ప్రయత్నించవచ్చా అన్న ప్రశ్నకు తాల్ముద్, శత్రువులు ముట్టడించగా కరువుపాలైన షోమ్రోను పట్టణపు ద్వారం దగ్గరి నలుగురు కుష్ఠరోగుల బైబిలు కథను చూపుతుంది: ఉన్నచోటే ఉంటే చావు తప్పదు గనుక వారు శత్రు శిబిరానికి బయలుదేరారు. మరో దారి లేని గుండె రోగికి ఆ ఉదాహరణ సరిపోతుంది. డయాలసిస్‌తో ఏళ్ల తరబడి నెట్టుకు రాగల రోగికి అది అంత సులువుగా సరిపోదు కనుక, ఆ సందర్భంలో రబ్బీ తీర్పు చెప్పే ముందు వైద్యుని అంచనా వినవలసి ఉంటుంది.