పీచు పంచాయితీ

(బెంగళూరు, మారతహళ్ళి. మూడో అంతస్తు ఫ్లాట్. రాత్రి భోజనం వేళ.)

మూర్తి: మళ్ళీ రాగిసంకటేనా? పక్కన చిక్కుడుకాయ కూర, మెంతికూర పప్పు! కింద ఉడుపి హోటల్లో పూరీలు పొంగుతున్నాయే పద్మా.

పద్మ: పొంగనీండి. ఉబ్బసం మనిషికి మైదా ఎందుకు?

మూర్తి: ఉబ్బసం ఊపిరితిత్తుల్లో, వైద్యం పొట్టకా? వీధి గుమ్మంలో దొంగ పడితే పెరట్లో కుక్కని కట్టేసినట్టుంది!

పద్మ: వీటిల్లో ఉండే, మనకి అరగని పీచుని పెద్దపేగులో బాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్, ప్రొపియోనేట్ లాంటి కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. అవి రోగనిరోధక వ్యవస్థలోని రెగ్యులేటరీ టి కణాలకి బలమిస్తాయి. పుప్పొడి చూసి రెచ్చిపోయే మిగతా కణాల్ని ‘ఆగండర్రా’ అని కూర్చోబెట్టేది ఆ కణాలే.

మూర్తి: మనింట్లో నా ఉద్యోగమన్నమాట.

పద్మ: మీరా! నయం. 2014లో స్విట్జర్లాండులో చూశారు. పీచు ఎక్కువ తిన్నవాటికి అలర్జీ సరుకు ముక్కులో వేసినా ఊపిరితిత్తుల్లో వాపు తక్కువే వచ్చింది.

మూర్తి: తిన్నవాటికా? అంటే మనుషులు కారా?

పద్మ: ...ఎలుకలు.

మూర్తి: అదీ సంగతి! సరే, నేనూ చదివాలే. అమెరికాలో ఆమిష్, హటరైట్ అని రెండు క్రైస్తవ రైతు సమాజాలు. ఆమిష్ వాళ్ళు గుర్రాలతో సేద్యం చేస్తారు, హటరైట్లు యంత్రాలతో. 2016లో లెక్క తీస్తే బడిపిల్లల్లో ఉబ్బసం ఆమిష్ వాళ్ళకి 5 శాతం, హటరైట్లకి 21. ఆమిష్ ఇళ్ళ దుమ్ములో సూక్ష్మజీవుల సరుకు దాదాపు 7 రెట్లట. అంచేత ఆదివారం ఫ్యాన్లు నేను తుడవను.

పద్మ: అది పశువుల కొట్టం దుమ్మండీ! మన ఫ్యాను మీదది ఔటర్ రింగ్ రోడ్డుది. పైగా వాళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ ఆవుల మధ్యే పెరిగారు. కెనడాలో 2015లో చూస్తే, ఉబ్బసం ముప్పున్న మూడు నెలల పిల్లల పేగుల్లో నాలుగు రకాల బాక్టీరియా తక్కువగా ఉన్నాయట.

మూర్తి: మూడో నెలలోనే తేలిపోయిందా? మరి యాభై దాటిన నాకు ఈ సంకటి శిక్షేమిటి! చెప్పులెక్కడ? కిందకి వెళ్ళొస్తా.

పద్మ: కూర్చోండి. ఆ ఎలుకలు చంటివేం కావు.

మూర్తి: అయితే సంకటే తింటా, ఇన్‌హేలర్ పారేస్తా. సరేనా?

పద్మ: ముట్టుకున్నారంటే ఊరుకోను! డాక్టరు చెప్పినట్టు పొద్దున్నా రాత్రీ పీల్చాల్సిందే. పీచుతో, మంచి బాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ మాత్రలతో మనుషుల్లో ఉబ్బసం తగ్గుతుందని ఇంకా గట్టిగా తేలలేదు.

మూర్తి: తేలలేదా! మరెందుకే ఇంతసేపూ నన్ను నమిలావు?

పద్మ: మీ సుగరుకి పీచు మంచిదని ఎప్పుడో తేలింది కదా.

మూర్తి: ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?

పద్మ: ఏడాదిగా చెబుతూనే ఉన్నా. చెవిన పడిందా? పీచు సంగతి ఇలా కొత్తగా చెబితే గానీ మీరు పీట మీద కూర్చోరు. సంకటి చల్లారిపోతోంది, కానీండి.