మూడు లైన్లలో మేధస్సు

కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో ఏఐ చదివి బయటికొస్తున్న వాళ్లకి ఆ సబ్జెక్టు మీద కనీస అవగాహన ఉండటం లేదని కొందరు గొణుగుతున్నారు. ఈ అపవాదును తీవ్రంగా ఖండిస్తున్నాను. అవగాహన లేకుండానే తమ ప్రోగ్రాంలతో 97 శాతం యాక్యురసీ (నూటికి ఎన్ని జవాబులు సరిపోయాయన్న లెక్క) తెస్తున్న తరం ఇది, అదే ఉండి ఉంటే ఆ అంకె ఎంతకి పడిపోయేదో ఎవరైనా ఆలోచించారా?

ముందు లెక్కల సంగతి. మ్యాట్రిక్స్‌లు, ప్రాబబిలిటీ, డిఫరెన్షియేషన్ అన్నీ మొదట్లోనే పెట్టేసి, పరీక్ష రాసిన సాయంత్రమే మర్చిపోయే వీలు కల్పించిన సిలబస్ కమిటీకి చేతులెత్తి మొక్కాలి. అవి గుర్తుంటే, తర్వాతెప్పుడో బ్యాక్‌ప్రొపగేషన్ (తప్పుని వెనక్కి లెక్కగట్టి ప్రోగ్రాంని సరిదిద్దే పద్ధతి) పాఠం వచ్చినప్పుడు "ఓస్, ఇది డిఫరెన్షియేషన్‌లో చైన్ రూలే కదా" అని తేలిపోయి, దాని మీద 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన పేపర్ మీద ఉండాల్సిన భయభక్తులు కాస్తా ఆవిరైపోయేవి.

ఇక ప్రపంచాన్ని మార్చేద్దామని వచ్చిన విద్యార్థికి మొదట అప్పజెప్పే పని, ముగ్గురు మిషనరీలనీ ముగ్గురు నరభక్షకులనీ ఇద్దరే పట్టే పడవలో ఏరు దాటించడం. మిషనరీలున్న ఏ ఒడ్డునా వాళ్ల కంటే నరభక్షకుల సంఖ్య మించకూడదు. పడవ 11 సార్లు ఏరు దాటితే అందరూ క్షేమంగా చేరతారు, విద్యార్థి ఉత్సాహం మాత్రం ఇవతలి ఒడ్డునే ఉండిపోతుంది. (నిజానికి సబ్జెక్టు మొత్తంలో కాగితం మీద గీసుకుని, ప్రోగ్రాం ఈ దారే ఎందుకు పట్టిందో కళ్లారా చూడగలిగేది ఇలా దారులు వెతికే ఈ సెర్చ్ భాగంలోనే. అందుకే కాబోలు దీన్ని పాత చింతకాయ పచ్చడి అని పక్కన పెడతారు.)

అసలు వైభవం ల్యాబ్‌లో ఉంది. రెడీమేడ్ కోడ్ తెచ్చుకునే ఇంపోర్ట్, దానికి డేటా నేర్పే ఫిట్, జవాబు చెప్పించే ప్రెడిక్ట్. మూడు లైన్లు, అయిపోయింది. ఐరిస్ పూల డేటా తీసుకోండి, 1936లో ఫిషర్ పేపర్‌తో ప్రసిద్ధికెక్కిన 150 పూలు, ఒక్కోదానికి నాలుగు కొలతలు. అందులో సెటోసా అనే రకాన్ని విడదీయడానికి రేకు పొడవు ఒక్కటి చూస్తే సరిపోతుంది. మనవాళ్లు చూడరు. ఐదు పొరల న్యూరల్ నెట్‌వర్క్ (మెదడు కణాల తరహాలో పొరలుగా అల్లిన లెక్కల వల) కడతారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసి, పిచ్చుక పడిందోచ్ అని రిపోర్ట్‌లో గ్రాఫ్ గీస్తారు.

ఈ మధ్య ఒక ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ చూశాను, ఆకుల ఫోటో చూసి తెగులు కనిపెట్టడం. ఫోటోలు తక్కువున్నాయని ఒక్కోదాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, అద్దంలో చూపించినట్టు మార్చి, కొంచెం వెలుగు పెంచి, పదింతలు చేశారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత అన్నీ కలిపేసి ట్రైనింగ్‌కి కొన్ని, టెస్ట్‌కి కొన్ని పంచారు. అంటే ఒక ఆకు నిటారుగా ట్రైనింగ్‌లో, అదే ఆకు తలకిందులుగా టెస్ట్‌లో. ఇంకేముంది, యాక్యురసీ 99 దాటింది. పేపర్ ముందే చేతికొచ్చిన వాడికి ఫస్ట్ ర్యాంక్ వచ్చినంత సహజంగా! ముందు విడదీసి, తర్వాత ట్రైనింగ్ ఫోటోలని మాత్రమే తిప్పాలి కదా అన్నాను. "అలా చేస్తే యాక్యురసీ తగ్గుతుందండీ" అన్నారు. ఇంత స్పష్టమైన వాదన ముందు ఎవరైనా ఏం మాట్లాడగలరు?

యాక్యురసీ మీద ఇంత మోజు ఉన్నవాళ్లకి నాదో ఉచిత సలహా. వెయ్యి మందిలో 10 మందికే జబ్బున్న డేటా వెతికి పట్టుకోండి. ఎవరొచ్చినా "జబ్బు లేదు" అని చెప్పే ఒక్క లైన్ రాయండి. 99 శాతం గ్యారంటీ, భారీ లెక్కలు చేసే జీపీయూ చిప్ కూడా అక్కర్లేదు. ఆ 10 మంది ఏమైపోయారని అడిగేవాళ్లు రీకాల్ (జబ్బున్నవాళ్లలో ఎందరిని పట్టుకున్నామన్న లెక్క) గురించి చదివిన వాళ్లై ఉంటారు, అలాంటివాళ్లు దొరకడం కష్టం కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

అసైన్‌మెంట్లు చాట్‌బాట్ రాస్తోందని కూడా ఫిర్యాదులున్నాయి. ఒక్క పొర పర్సెప్ట్రాన్‌కి (ఒకే గీతతో రెండు గుంపులు చేసే తొలితరం న్యూరల్ నెట్‌వర్క్) ఎక్స్‌ఆర్ (రెండిట్లో సరిగ్గా ఒకటే నిజమైతే అవునని చెప్పడం) ఎందుకు చేతకాదో 1969లోనే మిన్‌స్కీ, పాపర్ట్ పుస్తకంలో పెట్టారు. నాలుగు చుక్కలు గీసి మధ్యలో ఒకే గీతతో విడదీయబోతే అర నిమిషంలో అర్థమవుతుంది. దాని మీద చాట్‌బాట్ నాలుగు పేజీలు రాసిస్తుంది, మాస్టారు ఇంకో చాట్‌బాట్‌తో వాటిని నాలుగు ముక్కలకి కుదిస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో చుక్కలు పెట్టే శ్రమ ఏ మనిషికీ కలగలేదు.

కాబట్టి అధికారులకి నా విన్నపం ఒక్కటే, వైవా రద్దు చేయండి. ఇంత సజావుగా సాగుతున్న చదువులో అపశ్రుతి పలికేది అక్కడే. "లెర్నింగ్ రేట్ (ప్రోగ్రాం ఒక్కో అడుగులో ఎంత మారాలన్న అంకె) 0.001 ఎందుకు పెట్టావ్?" అని అడిగారట ఒకరిని. "నేను పెట్టలేదు సార్, అదే ఉంది" అన్నాడు. ప్రోగ్రాంకి నేర్పడానికి వాడే ఆడమ్ ఆప్టిమైజర్‌లో ముందే పెట్టి ఉండే డీఫాల్ట్ నిజంగానే అది. కోర్సు మొత్తంలో సొంతంగా చెప్పిన ఆ ఒక్క జవాబుకి కూడా మార్కులు కోసేశారు.