మరణాన్ని లెక్కలో పెట్టి, పత్రంలో వదిలేశారు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పాదానికి చుట్టిన సెన్సర్, పక్కన పల్స్ ఆక్సీమీటర్ తెర మీద ఒక అంకె. ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) నర్సు ఆక్సిజన్ పెంచేదీ తగ్గించేదీ ఆ అంకె చూసే. ఇలాంటి పిల్లలకు ఆక్సిజన్ ఏ స్థాయిలో ఉంచితే మేలో తేల్చడానికి అమెరికాలో 2005 నుంచి 2009 దాకా సాగిన ‘సపోర్ట్’ అధ్యయనంలో ఆ అంకెనే మార్చారు. తెర మీద 88–92 కనిపిస్తుంటే, ఒక గుంపు పిల్లల్లో అసలు శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 85–89, రెండో గుంపులో 91–95. 84 కంటే పడిపోయినా, 96 దాటినా మాత్రమే యంత్రం అసలు విలువ చూపేది.

ఇలా మరుగుపరచడంలో తప్పులేదు. 1950ల మొదట్లో జరిగిన ఒక పరీక్షలో ఆక్సిజన్ తగ్గించిన పిల్లలు ఏమైపోతారోనని కొందరు నర్సులు రాత్రిపూట రహస్యంగా పెంచేశారు. అసలు అంకె కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నా అభ్యంతరం యంత్రం మీద కాదు, తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించిన కాగితం మీద.

24 నుంచి 27 వారాల మధ్య పుట్టిన 1,316 మంది పిల్లలు ఇందులో చేరారు. అలబామా విశ్వవిద్యాలయం (బర్మింగ్‌హామ్) అంగీకార పత్రం ఏమందంటే, ఈ చికిత్సలన్నీ మామూలుగా ఇచ్చేవే కాబట్టి మీ బిడ్డకు ముందుగా ఊహించగల అదనపు ముప్పేమీ లేదని. 2013 మార్చి 7న అమెరికా ప్రభుత్వ మానవ పరిశోధన రక్షణ విభాగం దీన్ని తప్పుబట్టింది. చూపు పోవడం, మెదడు దెబ్బతినడం, మరణం వంటి ముప్పుల గురించి తగినంతగా చెప్పలేదంది. పెద్ద పరిశోధకులు ఒక్కసారిగా లేచారు. జూన్‌కల్లా ఆ విభాగం చర్యను నిలిపేసింది.

ఆ పరిశోధకుల వాదన ఇది: 85–95 అంతా అప్పటికి వాడుకలో ఉన్న పరిధే, ఏ చివర మంచిదో ఎవరికీ తెలియదు, పైగా అధ్యయనంలో చేరిన పిల్లలు చేరనివారికంటే మొత్తంమీద మెరుగ్గానే ఉన్నారు. తెలియదన్న మాట నిజమే. కానీ తెలియదన్నదే చెప్పాల్సిన మాట కదా.

ఈ అధ్యయనం ఏం కొలవడానికి పెట్టుకుందో చూడండి. ఆక్సిజన్ భాగంలో ప్రధాన ఫలితం: తీవ్రమైన రెటీనా జబ్బు (ఆక్సిజన్ ఎక్కువైతే కంటి లోపలి పొర దెబ్బతిని చూపు పోవచ్చు), లేదా ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేలోపు మరణం. అంటే చావు వాళ్లకు అనుకోకుండా ఎదురైంది కాదు. లెక్కపెట్టాలని ముందే ప్రణాళికలో రాసుకున్నారు. ప్రణాళికలో రాసుకోగలిగిన మాట తల్లికి చూపే కాగితంలో ఎందుకు రాయలేకపోయారు? ‘మామూలు పరిధే’ అన్న సమాధానం ఇక్కడ చెల్లదు. మామూలు వైద్యంలో డాక్టరు ఆ బిడ్డ ఊపిరితిత్తులూ కళ్లూ చూసుకుంటూ ఆ పరిధిలో పైకీ కిందికీ కదుపుతారు. అధ్యయనంలో లాటరీ తీసి ఒక చివర కట్టేస్తారు. తేడా ఉంటుందని అనుమానం లేకపోతే ఆ పరీక్షే అక్కర్లేదు.

తేడా వచ్చింది. 2010లో వెలువడిన ఫలితాల్లో తక్కువ శాచురేషన్ గుంపులో 19.9 శాతం, ఎక్కువ గుంపులో 16.2 శాతం పిల్లలు ఇంటికి వెళ్లకముందే చనిపోయారు. బతికినవారిలో తీవ్రమైన రెటీనా జబ్బు తక్కువ గుంపులో 8.6 శాతం, ఎక్కువ గుంపులో 17.9 శాతం. కన్ను ఒక తక్కెడలో, ప్రాణం మరో తక్కెడలో. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్లి ఓడిపోయారు. నష్టం అధ్యయనం వల్లే జరిగిందని నిరూపించలేకపోయారని 2018లో అప్పీలు కోర్టు కూడా తేల్చింది. నష్టం సంగతి కోర్టు తేల్చింది, దాపరికం సంగతి మాత్రం అలాగే ఉంది.

నన్ను అంతకంటే కలవరపెట్టేది పత్రమే లేని ప్రయోగం. 1940లలో ఇంక్యుబేటర్లలోకి ఆక్సిజన్ ధారాళంగా పంపారు. ఎవరూ పరీక్షించలేదు, ఎవరినీ అడగలేదు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 10,000 మంది పిల్లల చూపు పోయింది. 1953–54లో 18 ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్ష ఆక్సిజనే కారణమని తేల్చింది. అయితే అందులో పిల్లల్ని చేర్చింది పుట్టిన 48 గంటల తర్వాత. నెలలు నిండని పిల్లలు ఎక్కువగా చనిపోయేదే ఆ మొదటి రెండు రోజుల్లో! ఆ చావులు లెక్కకే రాలేదు. ఆక్సిజన్ తగ్గిస్తే ప్రాణాపాయం లేదనుకుని 40 శాతం దాటకూడదన్న అలవాటు అన్ని చోట్లా పాకింది. ఒక అంధత్వం ఆపడానికి 16 ప్రాణాలు పోయి ఉంటాయని 1973లో క్రాస్ అనే పరిశోధకుడు అంచనా కట్టారు. ఆ తల్లుల్లో ఒక్కరి చేతా సంతకం తీసుకోలేదు, ఎందుకంటే అది ‘పరిశోధన’ కాదు, రోజువారీ వైద్యం.

కాబట్టి పరీక్షలు ఆపమనడం లేదు. పరిశోధనలోనూ, రోజువారీ వైద్యంలోనూ ఒకే నిజాయితీ కావాలి. పత్రంలో మూడు వాక్యాలు చాలు: మీ బిడ్డకు ఏ గుంపో లాటరీ చెబుతుంది; ఒక గుంపులో చూపు పోయే ముప్పు, మరోదానిలో చనిపోయే ముప్పు ఎక్కువ ఉండవచ్చు; చేరకపోతే డాక్టరు ఆ పరిధిలో తన అంచనా ప్రకారం నడుపుతారు. పురిటి నొప్పుల మధ్య ఇవి చదివించడం కష్టమంటారు. కష్టమే, బిడ్డ పుట్టకముందే సంతకం కావాలి మరి. కానీ శాచురేషన్ లక్ష్యం, గర్భం నాటి నుంచి లెక్కిస్తే బిడ్డకు గరిష్ఠంగా 36 వారాలు నిండేదాకా సాగింది. ఇరవై ఐదో వారంలో పుట్టిన బిడ్డకు అది పదకొండు వారాల దాకా. మూడో రోజున తల్లి పక్కన కూర్చుని మళ్లీ చెప్పి, ఉంటారా, మానుకుంటారా అని అడగడానికి అంత వ్యవధి ఉంది.