సవరణ: ఐర్లాండ్ అప్పు గురించి

యూరో సంక్షోభం (2010 ప్రాంతంలో యూరో వాడే కొన్ని దేశాలు అప్పుల్లో కూరుకుపోయిన వ్యవహారం) మీద మొన్న రాసినప్పుడు "గ్రీస్, ఐర్లాండ్ ప్రభుత్వాలు రెండూ దుబారా చేసే అప్పులపాలయ్యాయి" అన్నాను. ఐర్లాండ్ విషయంలో అది తప్పు. 2007లో ఆ ప్రభుత్వ అప్పు జీడీపీలో దాదాపు పావు వంతే. మునిగింది బ్యాంకులు. ఇళ్ల ధరలు పెరుగుతూనే ఉంటాయని బిల్డర్లకు ఎడాపెడా అప్పులిచ్చాయి. 2008 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ బ్యాంకుల బాకీలకు పూచీ పడింది. పూచీ ఉన్నవాడి నెత్తిన అప్పు ఎలా పడుతుందో మన ఊళ్లలో చూసిందే. 2010లో బడ్జెట్ లోటు జీడీపీలో 30 శాతం దాటింది. సొంత కరెన్సీ ఉంటే దాని విలువ తగ్గించి, ఎగుమతులు పెంచుకుని గట్టెక్కే ప్రయత్నం చేసేవాళ్లు. యూరోలో ఆ దారీ లేదు. ఆ నవంబరులో యూరోపియన్ యూనియన్, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)తో ఒప్పుకున్న 85 బిలియన్ యూరోల సహాయ ప్యాకేజీలో 17.5 బిలియన్లు ఐర్లాండ్ సొంత సొమ్మే, పింఛన్ల కోసం దాచుకున్న నిధితో సహా! జీతాల్లో కోతలు భరించిన ఆ జనాన్ని దుబారా మనుషులన్నట్టు రాసినందుకు బాధగా ఉంది. ఆ వాక్యం తీసేశాను. గ్రీస్ గురించిన మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను.