సవరణ: పికప్ వైర్ల రంగుల్లో నా పొరపాటు

గిటార్‌కి హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే పికప్; పికప్ అంటే తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) మార్చుకోవడం గురించి కిందటి వారం రాసినదాంట్లో ఒక పెద్ద తప్పు దొర్లింది. నాలుగు వైర్ల హంబకర్ ఏదైనా సరే నలుపు హాట్ (సిగ్నల్ బయటికి తీసుకెళ్లే వైరు), తెలుపూ ఎరుపూ కలిపెయ్యాలి, ఆకుపచ్చా ఒట్టి తీగా గ్రౌండుకి అన్నాను. అది సేమోర్ డంకన్ అనే పికప్ కంపెనీ వాళ్ల పద్ధతి. డిమార్జియో అనే ఇంకో కంపెనీ పికప్‌లో ఎరుపు హాట్. కలపాల్సింది నలుపూ తెలుపూ. గ్రౌండు మాత్రం రెండింటిలోనూ ఒకటే.

నా మాట నమ్మి బొబ్బిలి కుర్రాడొకడు డిమార్జియోకి అలాగే సోల్డర్ చేసేశాడు. ఒక కాయిల్ తిరగబడింది. సౌండు పీలగా వచ్చింది, పైగా తగ్గాల్సిన హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్ మనే రొద) పెరిగింది. రెండు కాయిల్స్‌లో చేరే హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడమే కదా హంబకర్ కిటుకు! ఆదివారం విజయనగరం వస్తే మా ఇంట్లోనే విప్పి సరిచేశాం. పికప్‌కి ఏమీ కాలేదు. వీణలకు పేరుపడ్డ ఊరివాడికి తీగలు తప్పు చెప్పావని మావాళ్లు ఇంకా వెక్కిరిస్తున్నారు.

రంగు తెలియకపోతే మల్టీమీటర్ పెట్టండి. ఏ రెండు వైర్ల మధ్య కొన్ని కిలో ఓమ్‌లు చూపిస్తే అవి ఒకే కాయిల్‌వి. అయితే ఏది మొదలో ఏది చివరో అది చెప్పదు, కంపెనీ ఇచ్చిన కాగితం చూడాల్సిందే.

హంబకర్‌కి 500 కిలో ఓమ్ పాట్ (వాల్యూమ్ తిప్పే కంట్రోల్) వాడమన్నది అలాగే ఉంచాను.